హిమజకు వచ్చినవి నిజం నొప్పులే

రాజేశ్వరీ, కంగారుపడొద్దు. హిమజను తీసుకుని హాస్పిటల్‌కి పోతున్నాను, టాక్సీ పిలిచాను. అల్లుడు ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వస్తానన్నాడు. పక్కింటి సరళగారు నిన్ను కారులో దింపుతారు. బిడ్డకని నువ్వు అల్లిన టోపీ నాకు కనపడలేదు, తీసుకురా.

నువ్వు గుడికి పోయిన కాసేపటికే మొదలయ్యాయి. "ఉత్త నొప్పులే నాన్నా, మొన్న మాదిరే పోతాయిలే" అంది. నీళ్ళు తాగింది, హాల్లో నడిచింది, పడుకుంది. తగ్గలేదు. వాచీ పెట్టుకుని చూశాను. పది నిమిషాలకోసారి వచ్చేవి ఐదుకే రాసాగాయి, ఒక్కొక్కటి నిమిషం ఉంటోంది. నొప్పి వస్తే మాట మధ్యలోనే ఆగిపోతోంది. కాన్పుల వార్డుకి ఫోన్ చేస్తే మిడ్‌వైఫ్ వెంటనే తీసుకురమ్మంది.

ఇప్పుడు టేబుల్ పట్టుకుని ముందుకు వంగి, నోటితో మెల్లగా ఊపిరి వదులుతోంది. నేను నడుము రుద్దుతుంటే "ఇంకా కిందికి నాన్నా" అంటుంది. నొప్పి పోగానే నన్ను చూసి నవ్వుతుంది. నా అక్షరాలే వంకరటింకరగా పోతున్నాయి, చూడు! మనం తాతా అవ్వా అయిపోతున్నామే!

సెల్‌ఫోన్ కొనిచ్చింది సొరుగులో పెట్టి పోవడానికా? ఆరుసార్లు చేస్తే ఇంట్లోనే మోగింది.

టాక్సీ వచ్చింది.

ఇంకొక మాట. హిమజ పుట్టిననాడు నేను ఆడిట్ అని అనంతపురంలో ఉండిపోయాను. నువ్వు ఒక్కదానివే ఏం పడ్డావో ఈ పూట చూశాను. ఇన్నేళ్ళూ అడగనేలేదు. త్వరగా రా.