పెనాంగ్‌లో దిగని అత్తయ్యగారు

సికింద్రాబాద్

లోవలక్ష్మి వదినకు,

ఫోన్లో చెబితే మీ తమ్ముడు వింటారని ఉత్తరం రాస్తున్నాను. కంపెనీ వాళ్లు పంపిన సింగపూర్ ఓడ ప్రయాణం నుంచి వచ్చాక ఆయన అత్తయ్యగారితో మాట్లాడటం లేదు.

ఓడ పెనాంగ్‌లో ఆగిన రోజు, "మోకాల్లు నొప్పులు, మీరెల్లండి" అని అత్తయ్యగారు గదిలోనే ఉండిపోయారు. మేం ఊరు చూసి వచ్చేసరికి ఆవిడ లేరు. కంగారుగా ఓడంతా వెతికాం. చివరికి పైఅంతస్తు స్టేజీ మీద, ఓ చేత్తో ఐస్‌క్రీం, ఇంకో చేత్తో ఓ చైనా తాతగారి చెయ్యి పట్టుకుని డాన్సు చేస్తున్నారు!

"ఏటమ్మా ఇది?" అని మీ తమ్ముడు అరిస్తే, "ఉండరా, పాటవ్వనీ" అన్నారు.

మామయ్యగారు పోయాక ఆవిడ అంతలా నవ్వడం నేను చూడలేదు. అందుకే చప్పట్లు కొట్టాను. ఇప్పుడు ఆయనకు నాతోనూ మాటల్లేవు.

మీరే నచ్చచెప్పండి వదినా, కాస్త త్వరగా. అత్తయ్యగారు వంటింట్లో నాకు స్టెప్పులు నేర్పుతున్నారు.

మీ మరదలు