పేరుకు ఎదురుగా

ఎన్నికల అధికారి గారి సముఖమునకు,

లాండ్రీ వెనక వీధిలో కాపురముంటూ, అదే లాండ్రీలో మూడో బల్ల దగ్గర దుప్పట్లు పరీక్షించు స్త్రీ రాసుకొను అర్జీ.

విషయం: గత వార్డు ఎన్నికలో మా ఆడవాళ్ళ పెట్టెలో పడిన డెబ్బై ఒక్క ఓట్లు అమ్ముడుపోయినవి కావని తెలుపుట, రాబోవు ఎన్నికకు నమూనా ఓటు కాగితములు ఇప్పించమని కోరుట గురించి.

అయ్యా,

నేను ఇంతవరకు ఏ అధికారికీ ఉత్తరం రాసి ఎరగను. ఐదో తరగతి వరకు చదివాను. మొన్న తమ ఆఫీసు మనిషి లాండ్రీకి వచ్చి, "ఈ వీధి ఆడవాళ్ళు ఈసారి ఓటుకు రామంటున్నారట, ఎందుకమ్మా?" అని అడిగినప్పుడు నేను ఆరేసిన దుప్పట్ల వెనక నిలబడి ఉన్నాను. జవాబు నాకు తెలుసు, దుప్పటి పక్కకు జరిపి ముందుకు రాలేకపోయాను. ఇంటికొచ్చి చెప్తే మా ఆయన, "నోటితో చెప్పలేకపోతే చేత్తో చెప్పు. నీ చేతికి సిగ్గు లేదుగా," అన్నాడు. అందుచేత ఈ క్రింది సంగతులు అంకెలు వేసి విన్నవించుకుంటున్నాను. అర్జీలు ఇలాగే రాస్తారని ఆయన చెప్పాడు.

1. మా లాండ్రీకి పై రోడ్డులోని పెద్దాసుపత్రి దుప్పట్లు వస్తాయి. ఉతికి ఆరినవాటిని నేను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తాను. అరచేయి పట్టేంత చిరుగు కనిపిస్తే మూలన ఎర్రదారంతో ఇంటూ గుర్తు కుట్టి పీలికల బుట్టలో వేస్తాను. దీన్ని మేం ఇంటూ కొట్టడం అంటాం. ఈ మాట మా నోళ్ళలో నానిపోయింది. టీ చల్లారిపోతే ఇంటూ. మేస్త్రీ కొత్త రూలు పెడితే, "వాడికి ఇంటూ కొట్టండే!" అని నవ్వుకుంటాం. పెళ్ళిచూపులకు వచ్చినవాడు నచ్చకపోయినా ఇంటూనే. బడిలో కూడా నా తప్పు లెక్కలకు ఇంటూలే పడేవి. ఈ సంగతి తమకు అనవసరం అనిపించవచ్చు. అసలు సంగతి ఇదే కనుక ముందు రాశాను.

2. మా ఇంట్లో పెద్దకోడలు, వరసకు నా తోటికోడలు, నేను అక్క అని పిలిచేదాన్ని. పెళ్ళయి వచ్చిన కొత్తలో నేను ఎవరి ముందూ తలెత్తేదాన్ని కాను. అక్కే నన్ను లాండ్రీకి తీసుకెళ్ళి, "మా చెల్లికి మాటలు రావు గానీ కళ్ళు బాగా కనిపిస్తాయి, బల్ల దగ్గర వెయ్యండి," అని మేస్త్రీకి చెప్పింది. తను మాత్రం పదకొండేళ్ళు మరకలు పోగొట్టే మందు తొట్ల దగ్గర పని చేసింది. ఆ మందు ఘాటుకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. వీధి చివర రెండు గదుల దవాఖానా ఉండేది. వారానికి మూడు మధ్యాహ్నాలు డాక్టరు వచ్చేవారు. ముక్కుకు తొడిగి ఊపిరి అందించే మిషను ఒకటి ఉండేది. దానికి తొమ్మిది మంది ఆడవాళ్ళు వంతులు. కాసేపు పెట్టుకుంటే అక్క మా ఇంటి మెట్లు ఆగకుండా ఎక్కేది. పైకెక్కి, "చూశావా, పరిగెత్తమంటావా?" అనేది.

పై రోడ్డు ఆసుపత్రిలో ప్రతి మంచానికీ అలాంటి గొట్టం ఉంటుందని, దుప్పట్ల బండి తోలే మా ఆయన చెప్పాడు. ఆ మంచాల దుప్పట్లు రోజూ మా చేతుల్లోకి వస్తాయి.

3. ఎన్నికలో మా యజమాని గారి బావమరిది నిలబడ్డారు. తాను గెలిస్తే దవాఖానా తీసేసి ఆ జాగాలో పై రోడ్డు వాళ్ళ కార్లకు చోటు చేయిస్తానన్నారు. ఆయనకు పోటీగా, బడిలో పనిచేసి మానేసిన టీచరమ్మ నిలబడ్డారు. దవాఖానాకు రోజూ డాక్టరును రప్పిస్తానని ఆమె అన్నారు. మా వాళ్ళకు ఓటు అలవాటు లేదు. ఇస్త్రీ దగ్గర పనిచేసే పెద్దమ్మ, "ఓటా, ఓటి కుండా? అందులో ఏం పోస్తే నిలిచిందే ఇన్నాళ్ళూ?" అంది.

అక్క నన్ను వెనకనుంచి తోసింది. "నువ్వు చదివినదానివి. ఇంటింటికీ వెళ్ళి చెప్పు."

"నాకు సిగ్గక్కా."

"నాకు ఊపిరాడదు. ఏది కష్టం?"

అందుకని వెళ్ళాను. ప్రతి గుమ్మంలోనూ తల వంచుకునే చెప్పాను. మన కుళాయికి గంట నీళ్ళు, పై రోడ్డులో గడ్డికి పొద్దస్తమానం నీళ్ళు. వాళ్ళకు మంచానికో మిషను, మనకు తొమ్మిది మందికి ఒకటి. ఈ తేడా పైనుంచి ఊడిపడలేదు వదినా, ఎవరో కుర్చీలో కూర్చుని సంతకం పెట్టారు, ఆ కుర్చీలోకి మనిషిని పంపేది మనం. నమస్కారం పెట్టాడని, మన యజమాని బంధువని చూడకండి. మీ ఇంట్లో ఎవరికి ఊపిరాడటం లేదో చూసి వెయ్యండి. ఇలా అన్నాను. నా జీవితంలో అంత మాట్లాడింది అప్పుడే.

ఎన్నిక రోజున డెబ్బై రెండు మందిమి వెళ్ళాం. మేస్త్రీ అడగకుండానే సెలవిచ్చాడు. "అయ్యగారి బావమరిదిని మర్చిపోకండమ్మా!" అన్నాడు. "ఎలా మర్చిపోతాం?" అని అందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

4. ఓటు గది బయట గోడకు తమ ఆఫీసు వారి కాగితం అంటించి ఉంది. అందులో ఇలా ఉంది: "ఓటరు ఒక్క అభ్యర్థి పేరుకు ఎదురుగా మాత్రమే ఇంటూ గుర్తు వేయవలెను." చదవడం వచ్చినదాన్ని నేనే కనుక గట్టిగా చదివాను. "అంటే ఏమిటే?" అని అడిగారు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మనం ఎవరికి ఎదురో వాళ్ళ పేరు మీద ఇంటూ కొట్టాలట," అన్నాను. పైన ఉన్నది ఆయన పేరు, కింద ఉన్నది టీచరమ్మది అని కూడా చెప్పాను.

ఎవరూ మళ్ళీ అడగలేదు. దుప్పటి అయినా మనిషి అయినా ఇంటూకు మాకు తెలిసిన అర్థం ఒక్కటే.

వరసలో అక్క రెండుసార్లు నేల మీద కూర్చుంది. లోపలికి వెళ్ళొచ్చి, "గట్టిగా కొట్టానే చెల్లీ, పెన్సిలు ముక్కు విరిగింది," అని నవ్వింది.

5. మా పెట్టెలో యజమాని గారి బావమరిదికి డెబ్బై ఒకటి, టీచరమ్మకు ఒకటి వచ్చాయి. ఆయన వార్డు మొత్తం మీద ముప్పై ఎనిమిది ఓట్లతో గెలిచారు. ఆ ఒక్కటీ బాయిలరు దగ్గరామెది. చిన్నప్పుడు టీచరమ్మ బెంచీ ఎక్కించిందని కోపం ఆమెకు. ఆ మాట అప్పుడే అందరికీ చెప్పుకుంది.

మా వీధి అమ్ముడుపోయిందని ఊరంతా అనుకున్నారు. కుళాయి దగ్గర పక్క వీధి వాళ్ళు, "ఏమిచ్చారేమిటి, కొత్త దుప్పట్లా?" అని ఎత్తిపొడిచారు. తమరు కూడా సభలో మైకు ముందు "ఓటు అమ్ముకునే వీధులు" అన్నారు. మేం మాలో మేమే ఒకరినొకరం అనుమానించుకున్నాం. నువ్వు మారి వేశావా, నువ్వా? ఒకే గిన్నెలోంచి టీ పోసుకునేవాళ్ళు వేరువేరుగా కూర్చున్నారు. చివరికి అందరూ ఒకటే అన్నారు, లెక్కలో ఏదో మాయ జరిగింది, ఇక ఓటు జోలికి పోవద్దని.

6. ఆయన గెలిచిన మూడో నెలలో దవాఖానా మూసేశారు. మిషను ఎక్కడికి పోయిందో తెలియదు. మరో రెండు వారాలకు ఒక పొద్దున అక్క పెదవులు నల్లబడ్డాయి. మా ఆయన, నేను అక్కను దుప్పట్ల బండిలో ఉతికిన మూటల మీద కూర్చోబెట్టి పై రోడ్డు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. గేటు దగ్గర ఆసుపత్రి కార్డు అడిగారు. లేదన్నాం. లోపల కనుక్కుని వస్తామన్నారు. ముప్పావు గంట అక్కడే ఉన్నాం. అక్క నా చెయ్యి పట్టుకుని, "మన ఓట్లు దారిలో ఎక్కడో తప్పిపోయాయే. ఈసారి నువ్వు దగ్గరుండి వేయించు," అంది. తర్వాత మాట్లాడలేదు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి అక్క లేదు. దుప్పట్లు మాత్రం దించుకుని లోపలికి తీసుకెళ్ళారు. ఆ రోజు అవి లోపలికి వెళ్ళాల్సినవే.

7. ఓటర్ల జాబితాలో అక్క పేరు తీయించడానికి తమ ఆఫీసుకు వచ్చాను. గోడకు ఒక నమూనా ఓటు కాగితం అంటించి ఉంది. అందులో ఒక పేరు పక్కన ఇంటూ, కింద "ఈ అభ్యర్థికి ఓటు పడినది" అని ఉంది. గుమాస్తాను అడిగాను, "అన్నా, ఇంటూ అంటే వద్దని కదా?"

ఆయన నవ్వారు. "వద్దనుకుంటే వదిలెయ్యాలమ్మా. కావాలనుకుంటేనే ఇంటూ."

"మరి ఎదురుగా అని ఉంది?"

"ఎదురుగా అంటే పక్కన."

అయ్యా, ఎదురుగా అంటే పక్కన. తరువాత ఒక ఫారం చేతికిచ్చారు. అందులో 'తొలగింపునకు కారణము' అని ఒక గడి. మరణం అని రాయమన్నారు. రాశాను. గడి చిన్నది, ఇంకేం పట్టదు. నేను చదివి చెప్పిన మాట వల్ల అని రాయడానికి చోటు లేదు.

8. ఈ సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్తే, దవాఖానాను మన చేతులతోనే మూసుకున్నామని డెబ్బై ఒక్క మందికీ తెలుస్తుంది. అక్క కూడా అందులో ఒకతి. చెప్పకపోతే వచ్చే నెల ఎవరూ ఓటుకు రారు, వచ్చినా మళ్ళీ అలాగే కొడతారు. పై రోడ్డు వాళ్ళకు ఓటు వెయ్యకపోయినా నీళ్ళు ఆగవు. మాకు ఆ కాగితం తప్ప వేరే దారి లేదు. అందుచేత రేపు టీ వేళ చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. నాతో తరువాత ఎవరూ మాట్లాడకపోయినా సరే.

కావున తమరిని కోరుకునేవి:

అ. గోడ కాగితంలో "పేరుకు ఎదురుగా" అను మాట తీసివేసి, "మీకు ఎవరు కావాలో వారి పేరు పక్కన" అని రాయించవలెను.

ఆ. మా లాండ్రీకి నూరు నమూనా కాగితములు, పెన్సిళ్ళు ఇప్పించవలెను. టీ వేళలో అందరి చేతా వేయించి చూస్తాను. ఒక్కొక్కరి పక్కన నిలబడతాను.

ఇ. "అమ్ముకునే వీధులు" అన్న మాటను తమరు ఏ మైకులో అన్నారో అదే మైకులో వెనక్కి తీసుకోవలెను. తప్పు చేశామనండి, పడతాం. అమ్ముకున్నామనకండి.

ఈ. దవాఖానా మళ్ళీ తెరిపించడం తమ చేతిలో లేదని తెలుసు. అయినా రాస్తున్నాను. తొమ్మిది మందిలో ఇంకా ఎనిమిది మంది ఉన్నారు.

ఈ అర్జీని తమరు తీరిక చేసుకుని, మధ్యలో ఆపకుండా చివరిదాకా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మూడో బల్ల దగ్గర దుప్పట్లు చూసే మనిషి

తా.క.: ఈ ఉత్తరం ఇంకా పోస్టులో వేయలేదు. ఈ రోజు టీ వేళ అంతా చెప్పేశాను, నమూనా కాగితాలు అడుగుతున్నానని కూడా. తల వంచుకునే అయినా చివరిదాకా చెప్పాను. ఒకామె గ్లాసు కింద పెట్టి బయటికి వెళ్ళిపోయింది. ఇస్త్రీ పెద్దమ్మ చాలాసేపు తన చేతులు చూసుకుని, "మీ అక్కకి తెలుసా?" అని అడిగింది.

"తెలీదు పెద్దమ్మా," అన్నాను.

"పోనీలే," అంది. కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ కాసేపటికి, "ఆ కాగితాలు ఎప్పుడిస్తారట?" అంది.

అందరూ నా వైపు చూస్తున్నారు. ఎప్పుడిస్తారయ్యా?