చిమ్నీ కుట్లు ఎవరు విప్పాలి

భుయ్యాడీహ్, జంషెడ్‌పూర్,
బుధవారం.

బంగారుతల్లి చిరంజీవి ఉజ్వలకి, మీ నాన్న పోలరాజు మనసారా దీవించి రాయడం. ఇక్కడ నేనూ, మీ అమ్మా, మన నల్లపిల్లి చిమ్నీ ముగ్గురం కులాసా. రాంచీలో నీ హాస్టలు తిండి ఎలాగుందో, నీ ఒళ్లు ఎలాగుందో రాయి. ఫోన్లో చెప్పొచ్చు కదా నాన్నా అంటావు. ఫోన్లో నీ గొంతు వింటే నాకు మాట రాదమ్మా, కన్నీళ్లే ముందొచ్చేత్తాయి. అందుకని కాగితం.

నీ ఉత్తరం నిన్న అందింది. ఒకదాని వెనక ఒకటి ఎన్ని ప్రశ్నలు వేశావే తల్లీ! చదువుతుంటే మా ప్లాంటులో ఇన్‌స్పెక్షనుకి వచ్చిన పెద్దసారు ముందు నిలబడ్డట్టే ఉంది.

చిమ్నీకి పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసిన రోజు మీ కాలేజీ ఆసుపత్రి తలుపు అద్దంలోంచి చూశాను. ఆకుపచ్చ గౌను, ముక్కుకి గుడ్డ, కళ్లు మాత్రం నావి. మీ సారు పక్కన నిలబడ్డారు గానీ కత్తి పట్టింది నువ్వే. ముప్పైనాలుగేళ్లు క్రేను మీద కూర్చుని ఎర్రగా కాలే ఇనుము ఎత్తినవాణ్ణి, నిలకడైన చెయ్యంటే ఏమిటో నాకు తెలుసు. ఆ రోజు నీ చెయ్యి అలాగే నిలకడగా ఉంది.

తిరుగు బస్సులో చిమ్నీ కూరగాయల బుట్టలో పడుకుంది. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. మీ అమ్మకి కంగారు. "ఓలమ్మ! కళ్లిప్పే ఉన్నాది, పలకదేటయ్యా?" అంది. "మత్తే, మన గుంట ముందే చెప్పింది కదేటి" అన్నాను. కండక్టరు బుట్టలోకి తొంగి చూసి ఏమిటని అడిగితే "మరీజ్ హై భాయ్" అన్నాను. పేషెంటంటే పేషెంటే మరి. ఇంటికొచ్చాక తాగినోడిలా రెండడుగులు అటు, రెండడుగులు ఇటు వేసింది. మర్నాటి పొద్దున్నకి నిలకడగా నడిచి, నువ్వు చెప్పినట్టే రోజూ పెట్టేదానిలో సగం తింది.

మీ అమ్మ సంగతి చెప్పాలి. ఆపరేషనైన ఆడమనిషికి పెట్టినట్టు పథ్యం పెడతానని వెల్లుల్లి వేయించి కారం నూరేసింది! నీకు తెలుగు రాయడం కష్టమైనా అమ్మ కోసం వంకర అక్షరాలతో రాసిచ్చావు చూడు, ఆ కాగితం తీసి చదివాను: "వెల్లుల్లి, ఉల్లి పిల్లికి విషం." "బాలింతకి మంచిదైంది దీనికెందుకు చెడ్డది?" అని గింజుకుంది. ఆ కారంతో నాకు మూడు రోజులు అన్నం పెట్టింది.

దూకకుండా వెనక గదిలో ఉంచాం, మంచం కూడా తీసేశాం. గొరిగిన పొట్ట మీద నూగు వత్తంది. కుట్ల దగ్గర చీము లేదు, వాసన లేదు, శనగగింజంత గట్టిగా ఉంటే అది మామూలేనన్నావు కదా. గది గుమ్మానికి నా పాత ఎర్ర ట్యాగు కట్టాను, చిన్నప్పుడు నువ్వు ఆడుకున్నదే. ప్లాంటులో మెషీను బాగుచేసేటప్పుడు స్విచ్చికి కడతాం. కట్టినవాడి పేరు దాని మీద ఉంటుంది. ఎంత పెద్దాఫీసరు వచ్చినా సరే, కట్టినవాడు తప్ప ఇంకొకడు విప్పకూడదు. విప్పితే లోపలున్న మనిషి పోతాడు. నా సర్వీసంతా ఇంకొకడి ట్యాగు మీద చెయ్యి వేసి ఎరగను.

ఇప్పుడు అసలు మాట. ఇంతసేపూ దీన్ని పక్కకి తోసుకుంటూ వచ్చాను.

చిమ్నీ మెడకి నువ్వు గరాటులాంటిది కట్టావు కదా, కుట్లు నాక్కోకుండా. మూడు రోజులు మీ అమ్మ చేత్తో తినిపించింది, నాలుగో రోజు అది తనే గిన్నె దగ్గరకి వెళ్తే గరాటు అంచు నేలకి తగిలి మూతి అందలేదు. నా వైపు చూసి అరిచింది. "పాపం, అయిదు నిమిషాలు తీసియ్యయ్యా" అంది మీ అమ్మ. తీసేశాను తల్లీ. నువ్వు కట్టినదాన్ని నేను విప్పేశాను. అప్పుడే కుళాయికి నీళ్లొచ్చాయి. బిందెలు నింపుకుని వచ్చేసరికి ఒక కుట్టు ఊడి ఉంది, రక్తం కారుతోంది.

పిల్లి పోతుందన్న భయం ఒకటి. నా బిడ్డ చేసిన మొదటి ఆపరేషను చెడిందని లోకం అంటే, చెడగొట్టింది నేనన్న బాధ ఒకటి. బుట్ట గుండెకి హత్తుకుని, ఆటోలో సిద్ధగోరాలో భానుప్రకాష్ అనే జంతువుల డాక్టరు దగ్గరకి పరిగెత్తాం.

ఆయన లైటు దించి, కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. మీ అమ్మ నా చొక్కా పట్టుకుని నిలబడింది. "యే టాంకే కిస్‌నే లగాయే?" అన్నారు. ఈ కుట్లు ఎవరు వేశారని. తిడతారనుకుని నేను తల దించేశాను.

"పైన ఒక్కటే ఊడింది చాచా. లోపలి వరస చెక్కు చెదరలేదు, అందుకే పిల్లి దక్కింది. ఇరవయ్యేళ్లుగా కుడుతున్నాను, ఇంత సన్నంగా నాకూ రాదు. ఎవరిదీ చెయ్యి?" అన్నారు హిందీలో.

"మేరీ బేటీ" అన్నాను. మీ అమ్మ తెలుగులోనే అందుకుంది: "మా గుంటే బాబూ! ఉజ్వల! మా కడుపున పుట్టిందే!" ఆయనకి తెలుగు రాదు. అయినా లేచి మీ అమ్మకి దండం పెట్టారు. ఒక్క కుట్టు వేసి, గరాటు మళ్లీ కట్టి, "ఇది మీ డాక్టరమ్మ హుకుం, ముట్టుకోకండి" అని పంపారు.

ఇంకొక తప్పుందమ్మా. దీనికన్నా పెద్దది. అయిదేళ్ల కిందట నీకు సీటొచ్చినప్పుడు ఎవడో "గేదెల డాక్టరా?" అని నవ్వాడు. ఆ రోజు నుంచి నేను బయట "మా అమ్మాయి డాక్టరు చదువుతోంది" అని మాత్రమే అన్నాను. దేనికి డాక్టరో మింగేశాను. నీ ముందు గర్వం, వీధిలో సిగ్గు. ఆ రైల్వే సత్యప్రసాద్ మోకాలి నొప్పికి నిన్ను మందు అడగమంటే, నువ్వు చెప్పావని నువ్వులనూనె రాయించాను కూడా.

ఆ రోజు ఆటో దిగి తిన్నగా టీ బడ్డీకి వెళ్లాను. అందరి ముందూ చెప్పాను: "మా ఉజ్వల జంతువుల డాక్టరు. దాని కుట్టు చూసి ఇరవయ్యేళ్ల అనుభవమున్న డాక్టరు లేచి దండం పెట్టాడు."

సత్యప్రసాద్ గ్లాసు దించాడు. "అయితే నా మోకాలికి నూనె రాయమన్నది ఎవులు?"

"నేనే."

"ఏడాది రాసినాను కదరా!" అని, గ్లాసు మళ్లీ ఎత్తి, "గుంటని అడుగు, మా కోడలి మేక రెండ్రోజులై మేత ముట్టదు" అన్నాడు. ఏం చెయ్యాలో రాయి తల్లీ, ఈసారి నేను కల్పించి చెప్పను.

ఇవాళ గది గుమ్మానికున్న ట్యాగు విప్పాను. నా పేరున్నది కాబట్టి విప్పొచ్చు. నా పేరు కొట్టేసి, తెల్ల రంగుతో "డాక్టర్ ఉజ్వల, జంతువుల వైద్యం" అని రాసి, వీధి గుమ్మానికి కట్టాను. పట్టా చేతికి రాకుండానే రాశానని కోప్పడతావేమో. కోప్పడు. ఇంక అది విప్పే హక్కు నీకొక్కదానికే.

కుట్లు ఈ ఆదివారం తీయొచ్చట. తానే తీస్తానన్నారు భానుప్రకాష్ డాక్టరుగారు. వద్దన్నాను. కట్టినవాళ్లే విప్పాలి అన్నాను. స్పీడు పోస్టులో వేస్తన్నాను, ఆ రోజు పొద్దున్న బస్సుకే బయల్దేరిరా.

ఇట్లు,
నువ్వొచ్చేదాకా గరాటు ముట్టనని చిమ్నీ మీద ఒట్టేసిన
జంతువుల డాక్టరమ్మ నాన్న,
పోలరాజు