పడవల కొట్టంలో బాతు

హాల్వర్, మన బాతు గూడు వదిలి ఎగిరిపోయింది! ఐదు గుడ్లూ చలిగాలిలో ఉన్నాయి. గూట్లో రాలిన దాని మెత్తటి ఈకలే వాటిమీద కప్పాలని కొట్టానికి పరిగెడుతున్నాను. నువ్వు రాగానే ఈ చీటీ చూసి కుక్కను కట్టెయ్. ఆ నారింజరంగు కోటు విప్పి, బాతుకు అలవాటైన పాత బూడిదరంగు స్వెట్టరు వేసుకుని రా. తలుపు చప్పుడు చెయ్యకు. పొయ్యి మీద చేపల పులుసుంది, తర్వాత తిందువుగాని.

ఏడేళ్ల తర్వాత సముద్రం మీంచి వచ్చి మన కొట్టంలో గూడు కట్టిన ఒకే ఒక్క బాతు అది. జూన్ నెలలో ఈ వారమంతా పూటకో వాన, పూటకో ఈదురుగాలి వచ్చినా కదల్లేదు. ఇవాళ మధ్యాహ్నం గంటసేపు ఎండ కాసేసరికి ఎవరో పెరట్లో దుప్పటి ఆరేశారు. బాతులు పొదిగే రోజుల్లో తీగమీద బట్ట కనబడకూడదని మన దీవిలో పసిపిల్లలకీ తెలుసు. ఆ దుప్పటి గాలికి ఎగిరి సరిగ్గా కొట్టం గుమ్మంలో పడి బాతును బెదరగొట్టింది. మీ అమ్మ వెంటనే, "కోడలు ఓస్నెకి మన పద్ధతులు ఇంకా ఒంటబట్టలేదు" అంది. నా బట్టలన్నీ తడిగా బుట్టలోనే ఉన్నాయి, కావాలంటే చూసుకో!

మళ్లీ రాస్తున్నాను, శాలువా కోసం ఇంట్లోకి వచ్చాను. బాతు తిరిగొచ్చేసింది! ఒక గుడ్డు పగులుతోంది, లోపల కిచకిచమంటోంది, తొందరగా రా! అత్తయ్య ఇందాక కొట్టంలో నా పక్కనే తడినేలమీద బోర్లా పడుకుని చూసింది. బాతు బెదరకుండా గుసగుసగానే, అయినా పైకే అనేసింది: "ఆ దుప్పటి ఆరేసింది నేనే, ఓస్నె."