దారిలో ఎండగా ఉందా

బ్యాంకాక్

బున్‌రువన్ అక్కయ్యకు కేసొన్ నమస్కారాలు.

మీరు పంపిన తాటిబెల్లం అందింది. అరటిపండ్లు కొబ్బరిపాలలో ఉడికించి, అందులో వేసుకుని తిన్నాను. మీ వంటింట్లో కూర్చుని తిన్నట్టే ఉంది.

మన 'లమ్దువన్ రేవు' నవలను మళ్ళీ టీవీకి తీస్తున్నారు. పాత సినిమాలో నాయిక ప్రయోంగ్ మీరు, సీరియల్లో నేను, ఇప్పుడు నలిన్ అనే చిన్నపిల్ల. నన్ను మేనత్త వేషానికి అడిగారు. ప్రయోంగ్ వెనకాల తమలపాకుల పళ్ళెం పట్టుకుని నిలబడే మేనత్త! దర్శకురాలు ఫిమ్‌దావ్ ఇంటికి వచ్చి, "మీరు ఊరికే వెనకాల నిలబడితే చాలు పిన్నిగారూ, చూసేవాళ్ళకి పాత రోజులు గుర్తొస్తాయి" అంది. పిన్నిగారినట నేను. నా వయసు వాళ్ళు ఇంకా అక్కలుగానే చలామణి అవుతున్నారు. కుదరదని చెప్పేశాను.

అదొక్కటే అయితే మీకు ఉత్తరం రాసేదాన్ని కాదు. పత్రికలు అప్పుడే పోలికలు మొదలుపెట్టాయి. అన్నీ ఆ చివరి ఘట్టం గురించే. ప్రేమించిన పడవవాడు తియెన్, ఎన్నో ఏళ్ళ తర్వాత పెళ్ళాన్ని వెంటబెట్టుకుని ప్రయోంగ్ ఇంటి రేవులో దిగడం, ఆమె మంచినీళ్ళ గిన్నెతో ఎదురొచ్చి "దారిలో ఎండగా ఉందా?" అని మాత్రం అడగడం. నవల అక్కడితో అయిపోతుంది కదా. 'సినిమాలో ప్రయోంగ్ గుండెలు పగిలేలా ఏడ్చింది. కేసొన్ ఏడవకుండా అడిగి ఇంటింటినీ ఏడిపించింది. ఇక నలిన్ ఏం చేస్తుందో చూడాలి' అని రాశారు.

ఆ నలిన్, నా దగ్గర ఆ మాట నేర్చుకుంటానని కబురు పంపింది. అక్కయ్యా, నటిగా నాకంటూ మిగిలింది ఆ ఒక్క మాటే. అది కూడా ఇచ్చేసి పళ్ళెం పట్టుకుని నిలబడనా? ఒంట్లో బాగాలేదని చెప్పించాను. ఇక నటన కూడా చాలించాలనుకుంటున్నాను. ఆ మాట నాకు నేర్పింది మీరు కాబట్టి ముందు మీకే చెబుతున్నాను.

మీ చెల్లెలు
కేసొన్

*

పెట్చబురి

అలిగిన చెల్లెలికి బున్‌రువన్ దీవెనలు.

నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

నీ సీరియల్లో ఆ పళ్ళెం పట్టుకున్న మేనత్త ఎవరే? నేనే కదా. అప్పుడు నువ్వు నన్ను చూసి లోలోపల జాలిపడ్డావు. నాకు తెలుసు. జాలిపడాల్సిన పనేమీ లేదని ఇన్నాళ్ళూ చెప్పలేదు. చెప్పాలంటే అంతకుముందు సంగతి కూడా చెప్పాలి.

మా రోజుల్లో సినిమా బొమ్మకు గొంతు ఉండేది కాదు. ఊరూరా హాల్లో మైకు ముందు కూర్చున్నవాళ్ళు అప్పటికప్పుడు మాటలు చెప్పేవారు. షూటింగులో నేను ఆ మాటను పుస్తకంలో ఉన్నట్టే అన్నాను, మెల్లగా, రేవుకు ఎవరొచ్చినా పలకరించినట్టు. సినిమా మా ఊరికి వచ్చినప్పుడు అమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. తెర మీద నా పెదాలు కదిలాయి. మైకులోంచి ఎవరో ఆవిడ, "నన్ను నట్టేట ముంచి ఇప్పుడు పెళ్ళాన్ని తీసుకొస్తావా? ఈ కాలవలో పడి చస్తాను" అని గొల్లుమంది. ఆవిడను అనడానికి లేదు, జనం ఏడవడానికే వచ్చేవాళ్ళు. హాలంతా ముక్కులు చీదుతోంది. అమ్మ నా చెయ్యి నొక్కి, "ఎంత బాగా ఏడ్చావే తల్లీ" అంది. నేను ఏడవలేదమ్మా అని చెప్పడానికి నోరు రాలేదు. సినిమాలకు గొంతు వచ్చేసరికి నా గొంతు బొంగురన్నారు. ఇక నన్ను పిలిచినవాళ్ళు లేరు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు నీ వెనకాల పళ్ళెం పట్టుకున్నాను. నువ్వు వెనక్కి తిరిగి "ఎలా అనమంటారక్కా?" అని అడిగావు. నేను చెప్పాను, నువ్వు అన్నావు. హాల్లో ఆ ఏడుపులో కలిసిపోయిన నా మాటను అప్పుడు మొదటిసారి చెవులారా విన్నానే. ప్రతి కొత్త సంవత్సరానికీ నువ్వొచ్చి, నేర్పినందుకని, పెద్దలకు పోసినట్టు, నా చేతుల మీద మల్లెపూల నీళ్ళు పోసి వెళ్తావు. చేతులు పట్టాల్సింది నువ్వు, పోయాల్సింది నేను.

వెళ్ళమని చెప్పను, నీ ఇష్టం. కానీ దాచుకున్న కొబ్బరికాయ కుళ్ళడం తప్ప పెరగదు. ఇంకో సంగతి. వెనక నిలబడ్డవాళ్ళకు వినపడేవి ముందున్నవాళ్ళకు వినపడవు.

బున్‌రువన్

*

బ్యాంకాక్

అక్కయ్యా,

ముందుగా, మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మర్నాడు ఫిమ్‌దావ్‌కు ఫోన్ చేసి వేషం ఇంకా ఉందా అని అడిగాను. "ఎవరికీ ఇవ్వలేదు పిన్నిగారూ. అలిగారని తెలుసు. అలక తీరేదాకా ఆగుదామనుకున్నా" అంది. గడుసుది. నటన మానేసే సంగతి నేనూ ఎత్తలేదు.

నలిన్‌ను ఇంటికి పిలిచి నాకు వచ్చినదంతా చెప్పాను. మీ అమ్మగారి మాట చెప్పినప్పుడు ఆ పిల్ల తల వంచుకుంది. తర్వాత, "మీరిద్దరూ తియెన్‌నే అడిగారు కదండీ?" అంది.

"మరి ఇంకెవర్ని అడుగుతారే?"

"ఏమో, ఊరికే అడిగాను" అని లేచి వెళ్ళిపోయింది.

నిన్న ఆ ఘట్టం తీశారు. నేను పళ్ళెం పట్టుకుని వెనక నిలబడ్డాను. మీరన్నది నిజం, అక్కడికి అన్నీ వినపడతాయి. ఆ పిల్ల ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది. తియెన్ పడవ దిగాడు. వెనకే అతని భార్య. వన్నిపా అనే అమ్మాయి వేసింది. ఆ వేషానికి ఒక్క మాట కూడా లేదు. మీ సినిమాలో అది ఎవరు వేశారో మీకు గుర్తుందా? నా సీరియల్లో ఎవరో, ఎంత ఆలోచించినా నాకు మొహం కూడా గుర్తురావడం లేదు.

నలిన్ గిన్నె పట్టుకుని మెట్లు దిగింది. తియెన్ చెయ్యి చాచాడు. అతన్ని దాటి వెళ్ళి ఆ భార్య ముందు ఆగింది. "దారిలో ఎండగా ఉందా?" అని ఆమెను అడిగింది.

ఇంటికొచ్చి పుస్తకం తీసి చూశాను. అడిగింది అని ఉందే గానీ, ఎవర్ని అడిగిందో లేదక్కయ్యా. మీరు తియెన్‌ను చూస్తూ అన్నారు. మీరలా నేర్పారని నేనూ అతన్నే చూశాను. దిగినవాళ్ళు ఇద్దరని మనకు తట్టనే లేదు.

షూటింగులో ఫిమ్‌దావ్ ఆపమనలేదు. వన్నిపా గిన్నెను రెండు చేతులా అందుకుంది. కళ్ళ నిండా నీళ్ళు. తన వేషానికి మాటలు లేవన్న సంగతే మరిచిపోయి, "లేదక్కా, మీ రేవు దాకా నీడే" అంది.

ఇన్నేళ్ళూ ఆ మాట ఎలా అడగాలా అని మీరూ నేనూ తలలు బద్దలు కొట్టుకున్నాం. దానికి ఒకరు బదులు చెప్పగా నిన్ననే విన్నాను.

మీ తర్వాతి మేనత్త
కేసొన్