ఆదివారం నాతో సాక్ష్యం చెప్పించకండి

పాస్టరుగారికి వందనాలు. కోపంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

పోయిన నెల బందరు బస్టాండులో వేప్, అదేనండీ సర్కారు నిషేధించిన ఎలక్ట్రానిక్ సిగరెట్టు, పీలుస్తుంటే కానిస్టేబుల్ పట్టుకున్నాడు.

"ఏంట్రా అది?"

"ఉబ్బసం మందండీ."

"మామిడిపండు వాసనొస్తందే?"

"పిల్లల మందండీ, అలాగే ఉంటది."

కేసు పెడితే ఐసు ఫ్యాక్టరీలో నా పని పోతుంది, అందుకే అబద్ధమాడాను. నమ్మినవాడు ఊరికే వదిలేయొచ్చుగా! జాలిపడి, బండి మీద ఇంటిదాకా తెచ్చి, "కుర్రోణ్ణి దుమ్ములోకి పంపకమ్మా" అని మా అమ్మకి అప్పజెప్పాడు. అమ్మ ఏడ్చుకుంటూ మీ దగ్గరికొచ్చింది. మీరు సంఘమంతటిచేత మూడు వారాలు ఉపవాస ప్రార్థన చేయించారు. నాకు లేని ఉబ్బసం తగ్గిపోయింది!

ఇప్పుడేమో ఆదివారం నేను స్వస్థత సాక్ష్యం చెబుతానని ప్రకటించేశారు. అమ్మ ఆ కానిస్టేబుల్‌ని కూడా పిలిచింది. మందిరంలో నిలబడి అబద్ధం చెప్పలేను. నిజం చెబితే ఆయన నన్ను అక్కణ్ణుంచే తీసుకుపోతాడు. దయచేసి నా పేరు తీసేయండి.

తీయనంటే నిజమే చెబుతాను, మొత్తం చెబుతాను. ఆ వేప్ నాకిచ్చింది మీ అబ్బాయి సైలస్. నమ్మకపోతే, ఈ ఉత్తరం తెచ్చింది వాడే, జేబులు చూడండి.

ఇట్లు,
అన్నమ్మ కొడుకు