మాస్టారు రాత్రిగా నిలబడాలి

విషయం: పిల్లల రంగును కించపరచకుండా పాఠం చెప్పుట ఎట్లో టీచర్లకు నేర్పే శిక్షణలో, ఒకప్పుడు కించపరచిన మాస్టారినే కుర్చీలో కూర్చోబెట్టుట గురించి.

అయ్యా,

నేను మైకుసెట్టు పెట్టేవాణ్ణి. మా ఊరి బడి హాల్లో తమరి విద్యాశాఖవారి టీచర్ల శిక్షణకు మైకు పెట్టినది నేనే. విన్నవించుకొనునది ఏమనగా:

1. నా చిన్నప్పుడు సైన్సు మాస్టారు పగలూ రాత్రీ పాఠానికి టార్చి వేసి, వెలుగులో గుమాస్తాగారి అబ్బాయిని, అవతల చీకట్లో నన్ను నిలబెట్టినారు. "వాడు పగలు, వీడు రాత్రి. చూడగానే అర్థమైపోయిందిగా!" అన్నారు. క్లాసంతా పడీపడీ నవ్వింది. ఆపైన ఏటా ఆ పాఠం వచ్చినప్పుడల్లా, నేను ఏ క్లాసులో ఉన్నా సరే "ఆ రాత్రిని పంపండి" అని కబురొచ్చేది. ఒకసారి కబురు రాగానే గోడ దూకి పోయాను. మళ్ళీ బడి మొహం చూడలేదు. ఈ అర్జీలో అక్షరాలు వంకరగా ఉంటే నన్నడక్కండి, ఆయన్నడగండి.

2. ఇన్నేళ్ళకు తమరు మంచి ఉత్తర్వు వేసినారు. పిల్లల రంగును, యాసను, పుట్టుకను ఎగతాళి చేయరాదని, వాళ్ళ ఇంటి సంగతులు తెలుసుకుని పాఠం చెప్పాలని. సంతోషం. అయితే నేర్పడానికి తమరికి దొరికినది ఎవరు? రిటైరైన ఆ మాస్టారే! నా మైకులోనే చెప్పినారు: "నల్లపిల్లల్ని వెనక్కి నెట్టకూడదమ్మా. మా రోజుల్లో నేను అలాంటివాణ్ణి ముందుకు పిలిచి, పాఠంలో వేషమిచ్చి మరీ ప్రోత్సహించాను." టీచర్లు చప్పట్లు. నేను మైకు ఆపేశాను.

హెడ్మాస్టరుగారు పరిగెత్తుకొచ్చారు. "ఏమైంది తాతా?"

"కరెంటు పోయిందండీ."

"ఫ్యాన్లు తిరుగుతున్నాయిగా?"

"వాటికి సిగ్గు లేదండీ, తిరుగుతాయి."

మాస్టారిది పెద్ద గొంతు. మైకు లేకుండానే మిగతాది పూర్తి చేసినారు.

3. ముందు వరుసలో చప్పట్లు కొట్టిన టీచరమ్మ మా మనవరాలి క్లాసుకే చెబుతుంది. మర్నాడే మా పిల్లను రాత్రిగా నిలబెట్టింది. కోపంతో కాదు, శిక్షణ పొంది. పిల్ల ఇంటికొచ్చి "తాతా, నేను ఇటు తిరిగితే నాకూ పగలొస్తుందిగా? టీచరు తిరగొద్దన్నారు" అంది. ఇప్పుడు బడికి పోనంటోంది. ఆ బడి గోడ ఇప్పటికీ అంతే ఎత్తుంది. నాకు భయంగా ఉందయ్యా.

4. కావున శిక్షణ ఆపమని నేను కోరుట లేదు. శిక్షణ కావాలి, గట్టిగా కావాలి. వచ్చే శుక్రవారం శిక్షణలో మాస్టారు కుర్చీలో కాదు, టీచర్లందరూ చూస్తుండగా టార్చికి అవతల నిలబడవలెను. మా మనవరాలు "ఇక తిరగండి" అనేదాకా తిరగరాదు. కాళ్ళనొప్పులంటారేమో, అవి నాకూ ఉన్నాయి. క్షమాపణ అంటే, తిరిగాక చెప్పుకోవచ్చు. ఆ టీచరమ్మ చేత క్లాసులో ప్రతి బిడ్డనూ ఆ వెలుగులో ఒక చుట్టు తిప్పించవలెను.

గురువారం సాయంత్రంలోగా జవాబు ఇప్పించవలెను. రాకపోతే శుక్రవారం మైకు ఆపను. వీధి స్తంభాలకు మైకు గొట్టాలు కట్టి, ఆయన చెప్పేది తల్లులూ తండ్రులూ అందరూ వినేట్టు చేస్తాను. ఆయన తరువాత నేను మాట్లాడతాను.

చిత్తగించవలెను. చిత్తం కుదరకపోయినా ఆసాంతం చదవవలెను.

ఇట్లు,
విధేయుడు అని రాయడానికి చెయ్యి రాని
మైకుసెట్టు ముసలాయన

మళ్ళీ ఒక్క మాట: టార్చి కోసం తమరు వెతుక్కోనక్కర్లేదు. నేనే తెస్తాను. కొత్త సెల్లు వేసి ఉంచాను.